తాతకు తగిన పళ్లెం

వంటింటి బడి

పిల్లలూ!

ఈ నెల పాఠం మొదలుపెట్టే ముందు మీచేత ఒక చిన్న ప్రయోగం చేయిస్తాను. అమ్మనడిగి ఒక ముద్ద వట్టి అన్నం తెచ్చుకోండి. కూర వద్దు, ఉప్పు వద్దు. నోట్లో పెట్టుకుని, మింగకుండా, నిదానంగా యాభై అరవై సార్లు నమలండి. మొదట చప్పగానే ఉంటుంది. నమిలినకొద్దీ రుచి ఎలా మారుతున్నదో గమనించండి.

కొంచెం తియ్యగా అవుతున్నది కదూ? మరి అందులో చక్కెర ఎవరు వేశారు?

ఎవరూ వేయలేదు. అన్నంలో ఉన్నది పిండిపదార్థం. పిండిపదార్థమంటే చక్కెర రేణువులను వరుసగా గుచ్చిన పొడుగాటి దండ అనుకోండి. మన ఉమ్మిలో ఉండే ఒక రసం ఆ దండను తెంపుతుంది. నోట్లో మొదలైన ఈ పని పేగులలో పూర్తవుతుంది. అప్పుడది గ్లూకోజు అనే చక్కెరగా మారి రక్తంలో కలుస్తుంది. అన్నం తిన్నా, రొట్టె తిన్నా, ఆలుగడ్డ తిన్నా చివరకు జరిగేది ఇదే.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మీలో చాలామంది ఇళ్లలో తాతో, నాయనమ్మో "నాకు షుగరున్నది" అంటూ ఉంటారు. లడ్డు మానేస్తే సరిపోతుందని మీరనుకుంటారు. లడ్డు మానేసి రెండు గిన్నెల అన్నం తిన్న తాతగారి నెత్తురులోకి ఎంత చక్కెర వచ్చి చేరుతుందో ఇప్పుడు మీరే ఆలోచించుకోవచ్చు.

అసలీ జబ్బు ఏమిటి? మా సురంగల్ ఉన్న మొయినాబాదు మండలం పక్కనే గండిపేట, హిమాయత్‌సాగరు ఉన్నవి. కనుక మా పిల్లలకు చెరువు లెక్కన చెబితే తేలికగా అర్థమవుతుంది. చెరువు నిండా నీళ్లున్నా తూము తెరవనిదే పొలానికి చుక్క రాదు. పూర్వం ప్రతి ఊళ్లోనూ తూము తీసే పనికి ఒక నీరడి ఉండేవాడు. మన రక్తం చెరువు, ఒంట్లోని కణాలు పొలాలు, చక్కెర నీరు. తూము తీసే నీరడి పేరు ఇన్సులిన్. ఇది కడుపు వెనుక ఉండే క్లోమం అనే గ్రంథిలో తయారవుతుంది.

కొందరు పిల్లలకు క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలు పాడైపోతవి. అంటే నీరడే లేడన్నమాట. వారికి బయటినుంచి ఇన్సులిన్ ఎక్కించవలసిందే. దీన్ని మొదటి రకం మధుమేహం అంటారు. పెద్దవాళ్లకు ఎక్కువగా వచ్చేది రెండవ రకం. ఇందులో నీరడి ఉంటాడు గాని తూము తుప్పుపట్టి ఒక పట్టాన కదలదు. రెండిటిలోనూ పొలం ఎండుతుంది, చెరువు పొంగుతుంది. చెరువు నిండితే అలుగు పారుతుంది గదా! అలాగే రక్తంలో ఎక్కువైన చక్కెర మూత్రంలో పడి పోతుంది. ఆ మూత్రానికి చీమలు పట్టడం మన ప్రాచీన వైద్యులు చూశారు. 'మధు' అంటే తేనె గనక దీనికి మధుమేహమని పేరు వచ్చింది.

తూము సరిగా లేనప్పుడు చెరువులోకి వచ్చే వరదను తగ్గించడం ఒక ఉపాయం. అనగా పళ్లెంలో పిండిపదార్థాన్ని తగ్గించడం. వినడానికి ఇది సులభంగానే ఉన్నది. కాని ఇందులో ఒక ప్రమాదం దాగి ఉన్నది. అది నేను ఒళ్లు చెమర్చేటట్టు నేర్చుకున్న పాఠం.

రెండేళ్ల క్రితం సంగతి. నాకూ షుగరున్నది. అప్పటికి మూడేళ్లుగా భోజనానికి ముందు ఒక బిళ్ల వేసుకుంటున్నాను. మా మనుమరాలు అప్పుడు ఏడో తరగతి. బడిలో పిండిపదార్థాల పాఠం విని వచ్చి, సెలవునాడు నడుముకు తువ్వాలు బిగించి వంటింట్లో నిలబడింది.

"తాతా, ఇయ్యాల్టి నుంచి నీకు అన్నం బంద్! నేనే వండి పెడత."

నాకు ఎంతో ముచ్చటేసింది. అలవాటు ప్రకారం బిళ్ల వేసుకుని పీట మీద కూర్చున్నాను. పాలకూర, రెండు గుడ్లు, ఒక లోటా చల్ల. అన్నం లేదు, రొట్టె లేదు. రుచిగానే ఉన్నది. పిల్ల సంతోషం చూసి నేనూ సంతోషించాను.

మధ్యాహ్నం మూడు గంటల వేళ అరుగు మీద పేపరు చదువుతున్నాను. అక్షరాలు అలుక్కుపోయినట్టు అయినవి. చెట్టు నీడలో కూర్చున్నా చొక్కా తడిసిపోయింది. చేతులు వణుకుతున్నవి. మనుమరాలు వచ్చి, "తాతా, రాత్రికి ఏం వండాలె?" అని అడిగింది. ఏ కారణమూ లేకుండా నేను దానిమీద గట్టిగా అరిచాను. ఆ పిల్ల బిక్కమొగం వేసుకుని నిలబడిపోయింది.

ఆ మొగం చూడగానే నాకు మరొక మొగం జ్ఞాపకం వచ్చింది.

నేను హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో ఒకనాడు డ్రిల్లు జరుగుతూ ఉండగా, తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు జేబులోంచి పిప్పరమెంటు తీసి నోట్లో వేసుకోబోయాడు. నేను చూశాను. "డ్రిల్లులో తిండేమిటి?" అని జేబులోనివన్నీ లాగి గోడ అవతల పారేశాను. వాడు ఏదో చెప్పబోయాడు. నేను వినలేదు. పావుగంట గడవకముందే వాడు తూలి నేల మీద కూలబడ్డాడు. ఒళ్లంతా చెమట. ఎవరో పరుగెత్తి వాళ్ల అమ్మను పిలుచుకు వచ్చారు. ఆమె నన్ను ఒక్క మాట అనకుండా, కొంగుముడి విప్పి చక్కెర తీసి నీళ్లలో కలిపి తాగించింది. కొంతసేపటికి వాడు కళ్లు నిలిపి చూశాడు.

వాడికి మొదటి రకం మధుమేహం. రోజూ ఇన్సులిన్ వేసుకుంటాడు. తోటిపిల్లలు గేలి చేస్తారని బడిలో ఎవరికీ చెప్పలేదు. డ్రిల్లు వల్ల రక్తంలో చక్కెర పడిపోయింది. ఆ పిప్పరమెంటు వాడికి చిరుతిండి కాదు, మందు. ఆ మందును నేను గోడ అవతల పారేశాను!

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లి తల్లికీ కొడుకుకూ క్షమాపణ చెప్పుకున్నాను. ఆ ఇంట్లో ఒక వింత చూశాను. ఆ తల్లి కొడుక్కు అన్నం చేత్తో వడ్డించలేదు. ఒక చిన్న ఇత్తడి గిన్నెతో కొలిచి పెట్టింది. రోజూ అదే గిన్నె. "అన్నమెంతనో దాన్నిబట్టే సూది సారూ. అన్నం మారితే సూది మారాలె" అన్నది. ఆమె పెద్దగా చదువుకోలేదు. కాని ఈ జబ్బుకు సంబంధించిన అసలు సూత్రం ఆమె నోటి వెంటనే మొదట విన్నాను.

అరుగు మీద వణుకుతూ కూర్చున్న నాకు ఆ మాట చెవిలో గంట కొట్టినట్టు వినిపించింది. అన్నం మారింది. బిళ్ల మారలేదు!

"అమ్మా, చక్కెర తే" అన్నాను మనుమరాలితో. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇచ్చింది. వేలి కొసన సూది గుచ్చి చూసే చిన్న యంత్రంలో 58 అని వచ్చింది. 70కి తగ్గితే ప్రమాదమే. పావుగంట ఆగి మళ్లీ చూస్తే 84 అయింది. అప్పుడు ఒక రొట్టె తిన్నాను. మర్నాడు డాక్టరుగారి దగ్గరకు వెళితే, "వంట మార్చే ముందు నన్ను అడగవలసింది మాస్టారూ" అన్నారు. బిళ్ల మోతాదు తగ్గించి, పళ్లెంలో ఏది ఎంత ఉండాలో రాసి ఇచ్చారు. పిల్లది వండడంలో తప్పు లేదు. జీవితమంతా పిల్లల్ని "అనుమానముంటే అడగండి" అన్న నేను అడగకపోవడమే తప్పు. ఆ మాట దానితో చెప్పి, అరిచినందుకు మన్నించమన్నాను.

సరే, ఇక లెక్కకు వద్దాం. మన హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. ఇది 1918లో తమిళదేశపు కూనూరులో చిన్న పరిశోధనశాలగా పుట్టి, 1958లో హైదరాబాదుకు వచ్చింది. మన దేశపు తిండిగింజలు, కూరలు, పండ్లలో ఏమేమి ఎంతెంత ఉన్నవో పరీక్షించి 2017లో పెద్ద పట్టిక ప్రచురించింది. దాని ప్రకారం నూరు గ్రాముల బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములు. జొన్నలలో సుమారు 68.

చూశారా! "జొన్నరొట్టె ఎంత తిన్నా షుగరు రాదు" అనే మాట వట్టిదని తేలిపోయింది. రెండిటికీ తేడా పది గ్రాములే. అయితే జొన్నలలో పీచు 10 గ్రాములున్నది. బియ్యంలో 3 గ్రాములైనా లేదు. పీచు ఉంటే జీర్ణం నిదానంగా జరిగి, చక్కెర ఒక్కసారిగా వరదలా రాదు. కడుపు కూడా త్వరగా నిండుతుంది. అందుచేత రొట్టె మంచిదే, కాని దానికీ లెక్క ఉన్నది.

నా పాత పళ్లెం లెక్క చూడండి. నూరు గ్రాముల బియ్యపు అన్నం, 78. నూరు గ్రాముల ఆలుగడ్డ వేపుడు, 15. ముప్ఫై గ్రాముల పెసరపప్పు, 16. మొత్తం 109 గ్రాములు.

ఇప్పుడు నా కొత్త పళ్లెం. నలభై గ్రాముల జొన్నపిండితో ఒక చిన్న రొట్టె, 27. రెండు వందల గ్రాముల పాలకూర, 5. యాభై గ్రాముల ఉల్లిగడ్డ, 5. రెండు గుడ్లు, 1. ఒక కప్పు పెరుగు, 4. నూరు గ్రాముల కీరదోస, 3. మొత్తం 45 గ్రాములు. సగం కన్న తక్కువ! పళ్లెం మాత్రం చిన్నది కాలేదు, కడుపు మాడలేదు. ఆకుకూర, గుడ్డు, పెరుగు దాన్ని నింపినవి.

ఇక వంట. పొయ్యి వెలిగించేటప్పుడు, పెనం దించేటప్పుడు ఇంట్లో పెద్దవారు పక్కన ఉండాలి. ఇది మొదటి నియమం.

మొదట పాలకూర గుడ్డు పొరటు. పాలకూరను మూడు నీళ్లలో కడిగి సన్నగా తరగండి. మా చేవెళ్ల, మొయినాబాదు వైపు కూరగాయల తోటలు ఎక్కువ గనక పొద్దున కోసిన కూరే దొరుకుతుంది. మీ ఊళ్లో పాలకూర లేకపోతే తోటకూర గాని, గంగవాయిలి కూర గాని వేసుకోండి. మూకుడులో రెండు చెంచాల నూనె పోసి జీలకర్ర చిటపటమన్నాక, తరిగిన ఉల్లిగడ్డ, ఒక పచ్చిమిరపకాయ వేయండి. ఉల్లిగడ్డ మెత్తబడగానే చిటికెడు పసుపు, ఆకుకూర వేసి మూత పెట్టకుండా మగ్గించండి. నీళ్లు పోయనక్కరలేదు, ఆకులోనే నీరున్నది. ఆ నీరు ఇంకాక రెండు గుడ్లు కొట్టి పోసి, ఉప్పు వేసి, గుడ్డు గట్టిపడేదాకా కలుపుతూ ఉండండి. ఉప్పు చివర ఎందుకన్నాను? మగ్గక ముందు ఆకు గుట్టంత కనబడుతుంది, మగ్గితే గుప్పెడవుతుంది. గుట్టను చూసి ఉప్పు వేస్తే కూర ఉప్పుకషాయమవుతుంది!

గుడ్డు తినని ఇళ్లలో బీరకాయ కూర చేసి, వేయించి దంచిన పల్లీలు రెండు చెంచాలు చల్లండి. బీరకాయలోనూ, సొరకాయలోనూ నూరు గ్రాములకు పిండిపదార్థం ఐదు గ్రాములు దాటదు. పల్లీలలో దాదాపు నాలుగో వంతు మాంసకృత్తులే. అయితే నూనె కూడా ఎక్కువ గనక రెండు చెంచాలకు మించవద్దు.

తరువాత పెరుగు పచ్చడి. కీరదోసకాయను తురిమి, కప్పు పెరుగులో కలిపి, ఉప్పు, కొత్తిమీర వేయండి. అంతే.

రొట్టె కొంచెం కష్టం. జల్లించని జొన్నపిండిని ఒక గిన్నెతో కొలవండి. రోజూ అదే గిన్నె సుమా! చిటికెడు ఉప్పు వేసి, మరిగే నీళ్లు కొద్దికొద్దిగా పోసి గరిటెతో కలిపి, చెయ్యి పట్టే వేడికి వచ్చాక బాగా పిసకండి. జొన్నలో గోధుమకున్న జిగురు లేదు. అందుకే వేడినీళ్లు కావాలి, అందుకే కర్రతో ఒత్తకుండా పొడిపిండి మీద చేత్తో తట్టుతారు. వేడి పెంక మీద వేసి, పైన తడిగుడ్డతో అద్ది, తడి ఆరగానే తిరగవేయాలి. మా మనుమరాలి మొదటి రొట్టె భారతదేశపు పటంలా వచ్చింది. ఇప్పుడు పున్నమి చంద్రుడిలా వస్తున్నది.

ఇక, ఈ పాఠంలో అన్నిటికన్న ముఖ్యమైన నాలుగు మాటలు చెబుతాను. ఇవి అమ్మానాన్నలకు కూడా చదివి వినిపించండి.

ఒకటి: షుగరుకు బిళ్లలు వేసుకునేవారికి గాని, ఇన్సులిన్ తీసుకునేవారికి గాని అన్నం, రొట్టె తగ్గించే ముందు డాక్టరును అడగాలి. మూత్రపిండాల జబ్బున్నవారికీ, కడుపుతో ఉన్నవారికీ ఈ పళ్లెం సరిపడకపోవచ్చును. వారికి డాక్టరు వేరే చెబుతారు.

రెండు: చెమట, వణుకు, తల తిరగడం, ఊరికే కోపం రావడం కనబడితే చక్కెర పడిపోయిందేమోనని అనుమానించాలి. స్పృహ ఉండి మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్లు ఇవ్వాలి. పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు. వెంటనే 108కి ఫోను చేయాలి.

మూడు: ఆరోగ్యంగా ఉన్న పిల్లలు, ఈ పాఠం చదివి అన్నం మానేయకూడదు. ఆడే పాడే మీకు అన్నం కావాలి. ఇది అవసరమున్నవారి పళ్లెం.

నాలుగు: మీ తరగతిలో ఇన్సులిన్ తీసుకునే పిల్లలుంటే గేలి చేయకండి. అది అంటుజబ్బు కాదు. మిఠాయిలు తిన్నందువల్ల వచ్చిందీ కాదు. వారి జేబులో పిప్పరమెంటు ఉంటే మాస్టారికి మీరే చెప్పండి, "అది మందు సార్" అని. నాకా మాట చెప్పే పిల్లవాడు ఆనాడు ఒక్కడుంటే ఎంత బాగుండేది!

ఒకప్పుడు మొదటి రకం జబ్బు వచ్చిన పిల్లలకు మందే లేదు. పిండిపదార్థం దాదాపు పూర్తిగా మాన్పించి, అర్ధాకలితో ఉంచడమే వైద్యం. దానివల్ల కొన్ని నెలలో, ఒకటి రెండు ఏళ్లో గడిచేవి, అంతే. 1921లో కెనడా దేశపు టొరంటో విశ్వవిద్యాలయంలో, మెక్లియాడ్ అనే ఆచార్యుడి ప్రయోగశాలలో, ఫ్రెడరిక్ బాంటింగ్ అనే యువ వైద్యుడూ, చార్లెస్ బెస్ట్ అనే విద్యార్థీ కలిసి కుక్కల క్లోమం నుంచి ఒక రసం తీశారు. కాలిప్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు దాన్ని శుద్ధి చేశాడు. 1922 జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల అబ్బాయికి ఆ మందు ఎక్కించారు. అప్పుడు ఆ అబ్బాయి బరువు ముప్ఫై కిలోలు కూడా లేదు. జనవరి 11న ఇచ్చిన మొదటి మందు సరిగా పనిచేయలేదు. శుద్ధిచేసిన మందు 23న ఇచ్చారు. చక్కెర దిగివచ్చింది, అబ్బాయి బతికాడు. ఆ తరువాత మరి పదమూడేళ్లు జీవించాడు. 1923లో బాంటింగుకూ మెక్లియాడుకూ నోబెల్ బహుమతి వచ్చింది. పరిశోధకులు ఆ మందు మీద తమ హక్కును ఒక్కొక్క డాలరుకే విశ్వవిద్యాలయానికి ఇచ్చివేశారు.

ఇందులో ఒక విచిత్రం చెబుతాను. బాంటింగు పుట్టింది 1891 నవంబరు 14న. మన నెహ్రూగారు పుట్టింది 1889 నవంబరు 14న. అందుచేత ఈ నెల మీ పండుగ రోజే ప్రపంచ మధుమేహ దినం కూడాను. ఆ రోజున మీ ఇంట్లో షుగరున్న పెద్దవారెవరైనా ఉంటే, డాక్టరు ఏది ఎంత తినమన్నారో వారినే అడిగి, ఆ లెక్క ప్రకారం ఒక పూట వండి పెట్టండి చూదాం.

ఇక ఇంటిపని. మందులషాపులో దొరికే అయొడిన్ టింక్చరును పెద్దవారిచేత తెప్పించండి. ఒక పళ్లెంలో నాలుగు మెతుకుల అన్నం, ఆలుగడ్డ ముక్క, కీరదోస ముక్క, ఉడికిన గుడ్డు ముక్క విడివిడిగా పెట్టి, ఒక్కొక్క చుక్క వేయండి. పిండిపదార్థం ఎక్కువగా ఉన్నచోట నల్లని నీలం రంగు వస్తుంది. ఏవి నల్లబడినవో, ఏవి పడలేదో పుస్తకంలో రాసుకోండి. అయొడిన్ పడ్డ ముక్కల్ని తినకూడదు, చేతులు కడుక్కోవాలి. అవి మట్టిలో పూడ్చివేయండి.

మా వంటింట్లో ఇప్పుడొక చిన్న ఇత్తడి గిన్నె ఉన్నది. పిండి దానితోనే కొలుస్తాం. మా మనుమరాలు రొట్టె పెనం మీద వేసే ముందు ప్రతిరోజూ వంటింట్లోంచి కేకేస్తుంది: "తాతా, బిళ్ల ఎంత వేసుకున్నవ్?"

నేను బుద్ధిమంతుడైన విద్యార్థిలాగా జవాబు చెబుతాను.

మీ మాస్టారు,
సురంగల్